సోనిక్ యూత్ ‘గూ’ (1990): పెద్ద కంపెనీకి వెళ్లాక హోరు తగ్గిందా?

నిడదవోలు_నైట్స్

అందరికీ నమస్తే. ఇక్కడ చేరి ఆరు నెలలైంది, చదవడమే తప్ప రాయలేదు, ఇదే మొదటి థ్రెడ్. పోయిన నెల అమీర్‌పేటలో ఫుట్‌పాత్ మీద ఒక టీషర్టు కొన్నాను. తెల్ల గుడ్డ మీద నల్ల గీతల బొమ్మ, కారులో ఒక అబ్బాయీ అమ్మాయీ, ఇద్దరికీ నల్లకళ్లద్దాలు, పక్కన ఏదో చేతిరాత. బొమ్మ నచ్చి కొన్నాను అంతే. ఆఫీసుకి వేసుకెళ్తే మా టీమ్‌లో ఒకాయన ఆగి, ఇది సోనిక్ యూత్ ‘గూ’ ఆల్బమ్ అట్ట కదా, విన్నావా అని అడిగారు. వినలేదని చెప్పి ఆ రాత్రే మొదలుపెట్టాను.

ఇప్పటికి ఇరవై సార్లు విని ఉంటాను. మొదటి పాట ‘డర్టీ బూట్స్’ మెల్లగా మొదలై మధ్యలో గిటార్లన్నీ ఒక్కసారి పైకి లేచినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఇప్పటికీ జలదరిస్తుంది. అయితే దీని గురించి నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా ఒకే గొడవ. న్యూయార్క్‌లో దాదాపు పదేళ్లు అండర్‌గ్రౌండ్‌లో ఉన్న బ్యాండ్ పెద్ద కంపెనీలో చేసిన మొదటి ఆల్బమ్ ఇది, ఇక్కడే వాళ్లు అమ్ముడుపోయారు అని కొందరు, కాదని కొందరు. అంతకుముందు వాళ్లు ఎలా ఉండేవాళ్లో తెలియని నాలాంటివాడికి ఇందులో అమ్ముడుపోయింది ఏమిటో అర్థం కావడం లేదు. నా చెవికి ఇది ఇప్పుడు కూడా రేడియోలో వచ్చే సరుకులా లేదు. పాత శ్రోతలు చెప్పండి, అసలు ఏం జరిగింది?

సెకండ్‌హ్యాండ్_రికార్డు

స్వాగతం తమ్ముడూ. మంచి ఆల్బమ్‌తో మొదలుపెట్టావు.

అమ్ముడుపోవడం అనే మాట పక్కన పెట్టి ముందు షాపు సంగతి చూద్దాం. రికార్డులు కొని అమ్మే పనిలో ఇన్నేళ్లు ఉన్నాను కాబట్టి నాకు ముందు అదే కనిపిస్తుంది. 1988 అక్టోబరులో వీళ్ల ‘డేడ్రీమ్ నేషన్’ వచ్చింది. రెండు ఎల్‌పీల ఆల్బమ్, 70 నిమిషాలు. పత్రికలన్నీ ఆకాశానికెత్తాయి, ఏడాది చివరి జాబితాల్లో పైన పెట్టాయి. అమెరికాలో దాన్ని వేసింది ఎనిగ్మా అనే చిన్న లేబుల్, అంటే రికార్డు కంపెనీ. సమీక్ష చదివి షాపుకి వెళ్తే రికార్డు దొరికేది కాదు. బ్యాండ్ ఒక ఊళ్లో వాయించడానికి వెళ్తే ఆ ఊరి షాపులోనే వాళ్ల ఆల్బమ్ ఉండదు. అంతకుముందు ఉన్న ఎస్‌ఎస్‌టీ లేబుల్‌తో డబ్బు లెక్కల దగ్గర పేచీ. అంటే పేరు పెరుగుతోంది, సరుకు మాత్రం జనానికి చేరడం లేదు. ఎంత మంచి పంట పండినా మార్కెట్‌కి వెళ్లే బండి లేకపోతే ఏం లాభం?

అప్పుడు జెఫెన్ అనే పెద్ద కంపెనీ వాళ్లు వచ్చారు. డీజీసీ అని ఆ కంపెనీ అప్పుడే పెట్టిన కొత్త విభాగం. ఒప్పందంలో బ్యాండ్ పట్టుబట్టి తీసుకున్నది ఒకటే, ఏ పాట ఉండాలి, ఎలా ఉండాలి, అట్ట మీద ఏముండాలి అన్నది పూర్తిగా వాళ్ల ఇష్టం. 1990 జూన్ 26న ‘గూ’ బయటికొచ్చింది. బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాలో 96వ స్థానం దాకా వెళ్లింది. గన్స్ ఎన్ రోజెస్, ఏరోస్మిత్ ఉన్న కంపెనీకి ఆ 96 లెక్కలోది కాదు, కానీ ఈ బ్యాండ్ అప్పటిదాకా అమెరికా టాప్ 200లోనే లేదు. వాళ్లు కోరుకున్న బండి దొరికింది. బండిలో ఏం ఎక్కించారు అన్నది వేరే ప్రశ్న, దానికి ఇక్కడ చాలామంది ఉన్నారు.

డేడ్రీమ్88

నేను ఎలాగూ వస్తానని తెలిసే రాసినట్టుంది అన్నా.

నా మాట మొదటి నుంచీ ఒకటే, ఇక్కడా దాచను. ‘గూ’ చెడ్డ ఆల్బమ్ కాదు. కానీ ‘డేడ్రీమ్ నేషన్’ చేసినవాళ్లు చేయాల్సిన తర్వాతి ఆల్బమ్ ఇది కాదు. అందులో ఒక పాట మొదలైతే ఎక్కడికి పోతుందో తెలిసేది కాదు, ఏడు నిమిషాలు, చివర్లో పద్నాలుగు నిమిషాల మూడు ముక్కల పాట. మధ్యలో పాట విడిపోయి, గిటార్లు రెండూ దారి తప్పిపోయినట్టు తిరిగి తిరిగి, మళ్లీ ఒకచోట కలిసేవి. ఆ తిరగడమే సోనిక్ యూత్. ‘గూ’లో 11 పాటలు, మొత్తం 49 నిమిషాలు. ‘మేరీ క్రైస్ట్’, ‘మై ఫ్రెండ్ గూ’ లాంటివి అలా వచ్చి ఇలా పోతాయి. డ్రమ్స్ ముందుకొచ్చేశాయి, గొంతు ముందుకొచ్చింది, గిటార్ల హోరు వెనక గోడకి జరిగింది. ‘డేడ్రీమ్’కి దాదాపు 30 వేల డాలర్లు ఖర్చయితే దీనికి లక్షన్నర. ఐదింతలు పెట్టి కొన్నది ఏమిటంటే శుభ్రత. నాకు ఆ శుభ్రత అక్కర్లేదు.

అమ్ముడుపోయారు అని నేను అనను, ఆ మాట నీచంగా ఉంటుంది. జాగ్రత్త పడ్డారు అంటాను. ఆ జాగ్రత్త నాకు వినిపిస్తుంది, అదే బాధ.

వైజాగ్_బీచ్‌రోడ్

‘గూ’లోనే ఉన్న ‘మోట్’ పాట రెండో సగం విన్నాక కూడా జాగ్రత్త పడ్డారు అంటున్నారా?

డేడ్రీమ్88

‘మోట్’ ఒక్కటీ మినహాయింపు. అది బ్యాండ్ రెండో గిటారిస్టు లీ రనాల్డో పాట, అందుకే.

పాత_క్యాసెట్టు

నేను ఈ ఆల్బమ్ వచ్చిన ఏడాది చదువు కోసం అమెరికా వెళ్లాను, కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను. ఇంటి నుంచి తీసుకెళ్లిన సూట్‌కేసులో పాత పాటల క్యాసెట్లు పన్నెండు, ఊరగాయ సీసాలు రెండు. రాక్ సంగీతం అంటే ఇష్టం ఉండేది కానీ మాకు ఇక్కడ దొరికేవి ఒక ఐదారు బ్యాండ్లే. ‘గూ’ లాంటిది మన ఊళ్లలో షాపులో ఉండే ప్రశ్నే లేదు.

1991 మొదట్లో పాత తరం రాక్ గాయకుడు నీల్ యంగ్ టూర్ వచ్చింది. మా యూనివర్సిటీకి గంటన్నర దూరంలో హాకీ ఆడే పెద్ద స్టేడియం. నా రూమ్మేట్ నీల్ యంగ్ భక్తుడు, టికెట్ ఎక్కువుందని లాక్కెళ్లాడు. ముందు వాయించే రెండు బ్యాండ్లలో సోనిక్ యూత్ ఒకటి. గల్ఫ్ యుద్ధం నడుస్తున్న రోజులు, అందరి మొహాల్లో అదొక బిగువు. జనం ఇంకా సీట్లు వెతుక్కుంటున్నారు, చేతుల్లో బీరు గ్లాసులు. వేదిక మీద నలుగురు. పొడుగ్గా ఉన్నాయన, థర్‌స్టన్ మూర్, గిటార్‌ని వాయించడం మానేసి యాంప్లిఫయర్ ముందు అటూ ఇటూ ఊపుతున్నాడు. కిమ్ గోర్డన్ బేస్ పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. నా ముందు వరుసలో ఒక పెద్దాయన రెండు చెవులూ మూసుకుని భార్య వైపు తిరిగి ఏదో అరుస్తున్నాడు. ఎవరో లేచి దిగిపొమ్మని కేకేశారు. చాలామంది బయటికి వెళ్లిపోయారు.

నేను వెళ్లలేదు. నచ్చిందని కాదు, మొదట ఏమీ అర్థం కాలేదు. కానీ ఆ స్టేడియంలో అంతమంది వద్దంటుంటే వాళ్లు ఒక్క మెట్టు కూడా దిగలేదు. వాయింపు తగ్గించలేదు, మంచి చేసుకోవడానికి తెలిసిన పాట ఒకటి వేద్దామని చూడలేదు. అదే నాకు గుర్తుండిపోయింది. మర్నాడు వెళ్లి ‘గూ’ క్యాసెట్టు కొన్నాను. క్యాంపస్ పక్కన మామూలు షాపులో, ముందు వరుసలో ఉంది. సెకండ్‌హ్యాండ్ గారు చెప్పిన బండి అదే. ఎనిగ్మా రోజులైతే నాకు దొరికేది కాదు, నా జీవితంలోకి ఈ సంగీతం వచ్చేదే కాదు.

ఇంకొకటి. ఆ టూర్‌లో రోజూ వీళ్లని విన్న నీల్ యంగ్ కూడా మారాడు. ఫీడ్‌బ్యాక్, అంటే గిటార్‌ని యాంప్లిఫయర్ ముందు పెడితే వచ్చే ఊళ, తప్ప ఇంకేమీ లేకుండా ఒక రికార్డు చేయమని థర్‌స్టన్ అంటే, ఆయన నిజంగానే తన కచేరీల్లోని పాటల మొదళ్లూ చివళ్లూ కోసి అతికించి ‘ఆర్క్’ అని ఒకటి తీశాడు. డేడ్రీమ్ బాబూ, హోరు తగ్గించుకున్న బ్యాండ్ పెద్దవాళ్లకి హోరు ఎక్కించగలదా?

ఆరు_తీగలు

పాత క్యాసెట్టు గారూ, ఇది చదివి ఆఫీసులో పని ఆగిపోయింది. దండాలు.

నేను వాయించేవాడిని కాబట్టి ఆ కోణం చెప్తాను. వీళ్ల హోరు యాంప్లిఫయర్‌లో పుట్టదు, తీగల్ని శ్రుతి చేసే పద్ధతిలో పుడుతుంది. మామూలు గిటార్‌ని ఇ ఏ డి జి బి ఇ అని కడతాం. వీళ్లు అలా కట్టేవాళ్లు కాదు. చవకగా కొన్న పాత గిటార్లు, ఒక్కో పాటకి ఒక్కో రకం కట్టు, కచేరీకి అందుకే అన్ని గిటార్లు మోసుకెళ్లేవాళ్లు. వాళ్లు ఎక్కువగా వాడిన కట్టు ఒకటి మీకు చెప్తాను: పైనుంచి నాలుగు తీగలూ ఎఫ్ షార్ప్, మిగతా రెండూ ఇ, బి. నాలుగు తీగలు ఒకే స్వరం, రెండు మంద్రంలో, రెండు దాని పైస్థాయిలో.

దీన్ని మనవాళ్లకి చెప్పడం తేలిక. మా అమ్మ సంగీతం నేర్చుకునేది, ఇంట్లో తంబూరా ఉండేది. తంబూరాకి మధ్యలో రెండు తీగలు, సారణి, అనుసారణి, రెండూ ఒకే షడ్జం. రెండూ సరిగ్గా కలిశాయా లేదా అని అమ్మ చెవి ఆనించి బిరడా తిప్పేది. వెంట్రుకవాసి తేడా ఉంటే ఒక అల వినిపిస్తుంది, వూం... వూం... అని. కలిసేకొద్దీ అల నెమ్మదిస్తుంది. అమ్మకి ఆ అల పోవాలి. సోనిక్ యూత్‌కి ఆ అల కావాలి. దాన్ని పోనివ్వకుండా యాంప్లిఫయర్‌లో పెట్టి కొండంత చేసేవాళ్లు. వాళ్ల హోరంటే నాకు వినిపించేది ఆ అలే.

ఇంకో పోలిక కూడా ఉంది. తంబూరాలో తీగకీ గుర్రానికీ మధ్య జీవాళి అని చిన్న దారం ముక్క పెడతారు, అప్పుడే ఆ జుమ్మనే నాదం వస్తుంది. దారం లేకపోతే తీగ బోడిగా మోగుతుంది. వీళ్లు తీగల కింద స్క్రూడ్రైవర్ దూర్చేవాళ్లు, డ్రమ్స్ కర్ర దూర్చేవాళ్లు. తీగ మధ్యలో అడ్డం పెట్టి అవతలి వైపు కొడితే గంట మోగినట్టుంటుంది. దారం చేసే పనికీ స్క్రూడ్రైవర్ చేసే పనికీ బోలెడు తేడా ఉంది, తెలుసు, కానీ తీగకి ఏదో తగిలించి దాని గొంతు మార్చాలన్న ఆలోచన ఒక్కటే.

‘గూ’లో ఈ కట్లన్నీ అలాగే ఉన్నాయి. కంపెనీ వచ్చి ఇ ఏ డి జి బి ఇ కట్టించలేదు. డబ్బుతో వచ్చిందల్లా ఏమిటంటే నాలుగు తీగల అలలో ఏది ఎవరి గిటారో విడివిడిగా వినిపిస్తుంది. ఎడమ చెవిలో ఒకాయన, కుడి చెవిలో ఒకాయన. ఈ ఆదివారం నా పాత గిటార్‌కి ఆ కట్టు కట్టి చూడబోతున్నాను, ఏమైందో రాస్తాను.

డేడ్రీమ్88

తంబూరా పోలిక చాలా బాగుంది, ఒప్పుకుంటున్నాను. విడివిడిగా వినిపించడమే నాకు వద్దు అన్నది కూడా నిజమే.

నిడదవోలు_నైట్స్

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. ఒక్కటి అడగాలి. ఆ బొమ్మలో ఉన్న ఇద్దరు ఎవరు? ఎక్కడో హత్య కేసు అని చదివి టీషర్టు వేసుకోవాలంటే ఇబ్బందిగా ఉంది.

సెకండ్‌హ్యాండ్_రికార్డు

ఇబ్బంది పడటంలో తప్పు లేదు, తెలుసుకుని వేసుకో.

బొమ్మ గీసింది రేమండ్ పెటిబోన్. కాలిఫోర్నియా పంక్ బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్ పోస్టర్లూ అట్టలూ ఆయన గీసినవే. బ్లాక్ ఫ్లాగ్ గిటారిస్టు గ్రెగ్ గిన్ ఆయన అన్న, నేను పైన చెప్పిన ఎస్‌ఎస్‌టీ లేబుల్ ఆ అన్నదే. అంటే పెద్ద కంపెనీ ఆల్బమ్‌కి అట్ట వేయించడానికి వీళ్లు వెళ్లింది తాము వదిలొచ్చిన ఇంటి మనిషి దగ్గరికే. కంపెనీ ఫొటోగ్రాఫర్‌ని పెట్టి నలుగురి మొహాలూ వేసుకోవచ్చు. వేసుకోలేదు.

ఆ గీతకి ఆధారం 1966లో ఇంగ్లండ్‌లో పత్రికల వాళ్లు తీసిన ఫొటో. కారులో ఉన్నది డేవిడ్ స్మిత్, అతని భార్య మౌరీన్. పిల్లల్ని చంపిన ఇయాన్ బ్రేడీ, మైరా హిండ్లీల కేసులో సాక్ష్యం చెప్పడానికి వెళ్తున్నారు. మౌరీన్ ఆ మైరాకి సొంత చెల్లెలు. డేవిడ్ కళ్ల ముందే ఒక హత్య జరిగితే, ప్రాణభయంతో ఇంటికొచ్చి, తెల్లారకముందే భార్యతో కలిసి వెళ్లి పోలీసులకి ఫోన్ చేసినవాడు అతనే. 17 ఏళ్లు అప్పటికి. ఆ ఫోన్ వల్లే వాళ్లు దొరికారు. అయినా ఊళ్లో జనం ఇతన్ని కూడా హంతకుడిలాగే చూశారు.

అట్ట మీద చేతిరాతలో ఉన్న కథ వేరు, అది పెటిబోన్ కల్పన, ప్రేమికులు తల్లిదండ్రుల్ని చంపి రోడ్డెక్కిన కథ. నల్లకళ్లద్దాలు చూసి సినిమా జంట అనుకుంటాం, వాళ్లేమో కోర్టుకి వెళ్తున్న భయపడ్డ పిల్లలు. చూసే కళ్లు మొహాల మీద ఏ కథ అయినా రాసేస్తాయి అన్నది నాకు ఆ అట్టలో కనిపించే సంగతి. నిజం మనుషుల బాధని అలా వాడుకోవచ్చా అంటే నాకు ఇప్పటికీ పూర్తిగా మనసొప్పదు. నా దగ్గర ఈ ఎల్‌పీ ఉంది, షెల్ఫులో బొమ్మ ముందుకి పెట్టను.

సరళ_పిట్స్‌బర్గ్

ఇంత చర్చలో ఎవరూ కేరెన్ కార్పెంటర్ మీద రాసిన ‘ట్యూనిక్’ పాట గురించి మాట్లాడలేదు. నేను మాట్లాడతాను.

కేరెన్ కార్పెంటర్ ఎవరో తెలియనివాళ్ల కోసం: 70ల్లో అన్నతో కలిసి అమెరికా అంతా ఊగిపోయేంత మెత్తటి పాటలు పాడిన అమ్మాయి. డ్రమ్స్ బ్రహ్మాండంగా వాయించేది. కచేరీల్లో డ్రమ్స్ వెనక ఉంటే కనిపించదని ఆమెని ముందుకి తెచ్చి మైకు దగ్గర నిలబెట్టారు. ఒంటి గురించి బెంగ పట్టుకుంది, తిండి మానేసే జబ్బు, అనోరెక్సియా, 1983లో 32 ఏళ్లకే గుండె ఆగిపోయింది.

కిమ్ గోర్డన్ ఈ పాటలో కేరెన్ స్వర్గం నుంచి మాట్లాడుతున్నట్టు పాడుతుంది. అక్కడ మళ్లీ డ్రమ్స్ వాయిస్తోంది, కొత్త స్నేహితులు దొరికారు, అమ్మకి కబురు చెప్తోంది. ఆరు నిమిషాల పైన ఉంటుంది పాట. గిటార్లు కింద ఒకే చోట తిరుగుతూ ఉంటాయి, వదలని ఆలోచనలా. కిమ్‌ది అందమైన గొంతు కాదు, అలా ఉండాలని ప్రయత్నించదు కూడా, సగం మాట్లాడుతుంది. అందంగా పాడాలి, అందంగా కనపడాలి అనే ఒత్తిడిలో చచ్చిపోయిన మనిషి గురించి ఆ గొంతుతోనే పాడాలి.

మా ఇంట్లో ఒక అమ్మాయి ఉంది, నాకు చెల్లెలి వరస. ఇంటర్‌లో ఉండగా తినడం మానేసింది. కంచంలో అన్నం అటూ ఇటూ జరిపి, తిన్నట్టు చేసి లేచిపోయేది. పెరుగన్నం ముద్ద రుమాల్లో చుట్టి కిటికీలోంచి పారేయడం నేను చూశాను. ఇంట్లో అందరూ డైటింగ్ అన్నారు, దిష్టి అన్నారు, చదువు టెన్షన్ అన్నారు. పెళ్లిచూపులకి సన్నగా ఉంటే మంచిదే అన్నవాళ్లు కూడా ఉన్నారు. చాలా ఆలస్యంగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఇప్పుడు బాగుంది, తనకి ఇద్దరు పిల్లలు. ఈ పాట నేను మొదటిసారి విన్నది తను ఇంకా కోలుకుంటున్న రోజుల్లో. పాట అయ్యాక ఇండియాకి ఫోన్ చేశాను, అక్కడ తెల్లవారుజామున నాలుగు. ఏమీ చెప్పకుండా తిన్నావా అని మాత్రం అడిగాను.

అందుకే చెప్తున్నాను, పెద్ద కంపెనీ మొదటి ఆల్బమ్‌లో, అదీ రెండో పాటగా దీన్ని పెట్టడం జాగ్రత్త పడటం కాదు డేడ్రీమ్ గారూ. పాటల వ్యాపారం ఒక అమ్మాయిని ఏం చేసిందో ఆ వ్యాపారంలోకి అడుగుపెట్టిన రోజే పాడింది ఆవిడ.

వైజాగ్_బీచ్‌రోడ్

సరళ అక్కా, ఏం రాయాలో తెలియడం లేదు. చెల్లెలు బాగుందంటే అదే చాలు.

డేడ్రీమ్88

సరళ గారూ, ‘ట్యూనిక్’ విషయంలో నా దగ్గర జవాబు లేదు. నిన్న రాత్రి మళ్లీ విన్నాను, ఈసారి మాటలు పట్టుకుని. ఇన్నేళ్లు గిటార్లు మాత్రమే విన్నానని అర్థమైంది.

కానీ ‘కూల్ థింగ్’ పాట దగ్గర నా అనుమానం అలాగే ఉంది. రాప్ బృందం పబ్లిక్ ఎనిమీలోని చక్ డీ అంతటి మనిషిని తెచ్చి మధ్యలో నాలుగు మాటలు చెప్పించడం, అది ఎమ్‌టీవీ కోసం కాకపోతే ఎందుకు?

సరళ_పిట్స్‌బర్గ్

తెచ్చింది కాదండీ, ఆయన అక్కడే ఉన్నాడు. గ్రీన్ స్ట్రీట్ స్టూడియోలోనే పబ్లిక్ ఎనిమీ పని చేసుకునేవాళ్లు. ‘గూ’ నిర్మాతల్లో ఒకరైన నిక్ సాన్సానో ఆ స్టూడియో ఇంజనీరే, పబ్లిక్ ఎనిమీకి పనిచేశాడు, మీ ‘డేడ్రీమ్ నేషన్’ రికార్డు చేసింది కూడా ఆయనే.

ఆ పాట వెనక ఉన్న సంగతి ఇది. 1989లో స్పిన్ పత్రిక కోసం కిమ్ వెళ్లి రాపర్ ఎల్ఎల్ కూల్ జేని ఇంటర్వ్యూ చేసింది. అతని మొదటి ఆల్బమ్ అంటే ఆమెకి బాగా ఇష్టం. కూర్చుని మాట్లాడితే ఇద్దరి లోకాలూ ఎక్కడా కలవలేదు, ఆడవాళ్ల గురించి అతని మాటలు ఆమెకి మింగుడుపడలేదు. పాటలో ఆమె అతన్ని తిట్టి ఊరుకోదు. తెల్లజాతి ఆడపిల్లగా నల్లజాతి మగవాడి తిరుగుబాటుని దూరం నుంచి చూసి మోజుపడిన తన అమాయకత్వాన్ని కూడా వదిలిపెట్టదు. అమ్మాయిల కోసం ఏం చేస్తావ్ అని నిలదీస్తుంటే చక్ డీ ఏదో పైపైన ఊ కొడుతుంటాడు. ఆ ఊ కొట్టడంలోనే ఉంది పాట. మీటింగులో మనం గట్టిగా ఒక మాట అంటే, బాగా చెప్పావమ్మా అని తల ఊపి తర్వాతి విషయానికి వెళ్లిపోయే మగవాళ్లని ఎన్నిసార్లు చూశానో. ఎమ్‌టీవీలో వచ్చింది, నిజమే. వస్తే మంచిదే కదా, ఎక్కువమంది ఆడపిల్లలు విన్నారు.

పాత_క్యాసెట్టు

వీడియోల మాట వచ్చింది కాబట్టి. ఈ ఆల్బమ్‌లో ఉన్న 11 పాటలకీ వీడియో తీశారు వాళ్లు, ఒక నిమిషం గోల తప్ప ఏమీ లేని ‘స్కూటర్ అండ్ జింక్స్’తో సహా. తీసింది స్నేహితులూ చిన్న సినిమాల వాళ్లూ. బార్బీ బొమ్మలతో కేరెన్ కార్పెంటర్ జీవితాన్ని సినిమాగా తీసిన టాడ్ హేన్స్ ‘డిసప్పియరర్’ తీశాడు. ‘మిల్డ్రెడ్ పియర్స్’ వీడియోలో ఉన్న అమ్మాయి సోఫియా కొప్పోలా, అప్పటికి ఆమె ఇంకా దర్శకురాలు కాదు. పెద్ద కంపెనీ డబ్బు తమ చుట్టూ ఉన్న బీద కళాకారులకి పంచిపెట్టారు అనిపిస్తుంది నాకు.

ఇక నిర్వానా అనే బ్యాండ్ సంగతి. 1990 ఆగస్టులో వీళ్లు తమ కచేరీలకి ముందు వాయించడానికి ఆ కుర్రాళ్లని వెంట తిప్పుకున్నారు. డీజీసీలో చేరండి, మమ్మల్ని మా మానాన ఉండనిస్తున్నారు అని చెప్పింది వీళ్లే. ఇద్దరికీ మేనేజర్లు కూడా ఒకటే. మర్నాడు కాదు కానీ మర్నాడే అన్నట్టు, 1991 సెప్టెంబరు 24న ఆ నిర్వానా ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ వచ్చి ప్రపంచం తలకిందులైంది. ‘గూ’ కోట్లు అమ్ముడవలేదు, తలుపు మాత్రం తీసి పట్టుకుని నిలబడింది.

సెకండ్‌హ్యాండ్_రికార్డు

దానికి నాదొక మాట. ఆ తలుపులోంచి వెళ్లిన బ్యాండ్లన్నీ బతకలేదు. వీళ్లకంటే ముందు హస్కర్ డూ 1986లో వార్నర్ అనే పెద్ద కంపెనీలో మొదటి ఆల్బమ్ వేసి రెండేళ్లు తిరిగేసరికి విడిపోయింది. తర్వాత జాబ్రేకర్ ఇదే డీజీసీలో 1995లో ‘డియర్ యూ’ వేస్తే సొంత అభిమానులే వెలేసినంత పని చేశారు, మరుసటేడు బ్యాండే లేదు. డబ్బు అందరినీ ఒకేలా చూడదు. సోనిక్ యూత్ నిలబడటానికి కారణం నాకు కనిపించేది, వాళ్లు కంపెనీకి వెళ్లేటప్పటికి ఎక్కువమంది ముప్పై ఏళ్లు దాటినవాళ్లు, ఏం కావాలో ఏం వద్దో తెలిసినవాళ్లు. ఆ గూటిలోనే 2006 దాకా తొమ్మిది ఆల్బమ్‌లు చేశారు. లొల్లాపలూజా అనే సంగీతోత్సవంలో 1995లో ప్రధాన బ్యాండ్‌గా వాయించిన డబ్బుతో సొంత స్టూడియో కట్టుకున్నారు, కంపెనీ వేయదు అనుకున్న పొడుగాటి వాద్య ప్రయోగాలకి సొంత లేబుల్ పెట్టుకున్నారు. డేడ్రీమ్ తమ్ముడికి కావాల్సిన దారి తప్పడం అంతా అక్కడ ఉంది.

డేడ్రీమ్88

అవన్నీ నా దగ్గర ఉన్నాయి అన్నా, అందుకే అడుగుతున్నాను, అవి బయట వేరేగా ఎందుకు వేసుకోవాల్సి వచ్చింది?

సరే, నిజాయితీగా ఒకటి చెప్తాను. 2005 డీలక్స్ ఎడిషన్‌లో ‘గూ’ డెమోలు, అంటే ఆల్బమ్‌కి ముందు చేసుకున్న నమూనా రికార్డింగులు, ఉన్నాయి, ఎనిమిది ట్రాకుల టేపు మీద చేసినవి. అందరూ ఒకసారి వినండి. అవి మోటుగా ఉంటాయి, గిటార్లు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటాయి. నాకు ‘గూ’ అంటే ఆ డెమోలే. కానీ నిన్న రెండూ పక్కపక్కన పెట్టి విన్నాక, ‘ట్యూనిక్’ వరకు ఆల్బమ్‌లోదే మేలు అని ఒప్పుకుంటున్నాను. డెమోలో ఆమె మాట గోలలో మునిగిపోతోంది. ఈ పాటకి మాట వినపడాలి. మిగతా పదింటి మీద నా అభిప్రాయం మారలేదు.

ఆరు_తీగలు

ఆదివారం కబురు.

కట్టు పూర్తికాకుండానే నాలుగో తీగ (ఇక్కడి నుంచి లెక్క కిందనున్న సన్నతీగ నుంచి) తెగింది. దాన్ని డి నుంచి ఎఫ్ షార్ప్ దాకా రెండు స్వరాలు పైకి లాగాలి, ఫట్‌మని తెగి చెంప మీద గీసుకుంది. ఇంట్లో భయపడ్డారు. కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, ఎవరైనా చేస్తే మొహం దూరంగా పెట్టుకోండి. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆ చోట మూడో తీగ సైజుది వేయాలి. జి తీగ ఇంకొకటి తెచ్చి అక్కడ వేశాను, హాయిగా నిలబడింది. మొదటి రెండు తీగలూ బాగా కిందకి దింపడంతో వదులై ఫ్రెట్ల (మెట్ల) మీద గిలగిల్లాడుతున్నాయి, వాటికి లావు తీగలు వేయాలి.

అప్పుడు యాంప్లిఫయర్ పెట్టి పైన నాలుగూ ఒక్కసారి మీటాను. ఒక్క వేలు కూడా ఫ్రెట్ మీద లేదు. గది నిండిపోయింది. రెండు ఎఫ్ షార్పుల మధ్య అల అలా వస్తూనే ఉంది, కిటికీ అద్దం దానితో పాటు కదిలింది. అమ్మ పక్క గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు విని, ‘అనుసారణి కొంచెం దిగింది, చూసుకో’ అంది. డెబ్బై మూడేళ్లు ఆవిడకి. కావాలనే అలా ఉంచానమ్మా అంటే, ఎందుకురా అని అడిగింది. ‘డర్టీ బూట్స్’ పెట్టాను. పూర్తిగా విన్నది, నచ్చలేదని చెప్పింది, కానీ వాళ్లకి శ్రుతి తెలుసు, తెలిసే తప్పుతున్నారు అంది.

పాత_క్యాసెట్టు

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

నిడదవోలు_నైట్స్

శుక్రవారం రాత్రి బండిలో విశాఖ వెళ్లాను, అక్క వాళ్లింటికి. మా ఊరు దాటాక నిద్రపట్టక ఆల్బమ్ మళ్లీ మొదటినుంచి పెట్టాను. తెల్లారుతోంది. కొవ్వూరు దగ్గర ‘మోట్’ మొదలైంది. లీ రనాల్డో పాడే భాగం అయిపోయి పాట విడిపోయే చోటికి వచ్చేసరికి బండి గోదావరి రోడ్డు-కమ్-రైలు వంతెన ఎక్కింది. ఇనుప దూలాలు కిటికీ పక్కనుంచి ధన్ ధన్ ధన్ అని పోతున్నాయి, చెవుల్లో గిటార్లు అదే పని చేస్తున్నాయి, ఏది లోపలిదో ఏది బయటిదో తెలియలేదు. ఎదురు బెర్త్‌లో ఒక ముసలమ్మ కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఆ నాలుగు నిమిషాలూ ముందుకి జరిపేసేవాడిని, నిజం చెప్తున్నాను. ఈసారి జరపలేదు. రాజమండ్రి ప్లాట్‌ఫారం వచ్చేసరికి ‘మై ఫ్రెండ్ గూ’లో ఉన్నాను.

టీషర్టు వేసుకునే ఉన్నాను. దారిలో ఎవరూ అడగలేదు, అడిగితే డేవిడ్ స్మిత్ ఎవరో చెప్దామని ఉంది.

డేడ్రీమ్ అన్నా, ‘డేడ్రీమ్ నేషన్’ ఇవాళ మొదలుపెడుతున్నాను. ఒకేసారి 70 నిమిషాలూ వినాలా, రెండు ముక్కలుగా వినొచ్చా?

డేడ్రీమ్88

ఒకేసారి. రాత్రి, లైట్లు ఆర్పి. వినగానే రాయి, నేను మేలుకునే ఉంటాను.